వాళ్ళ వాటా తుంగ

గుడియాత్తం అంగడిలో కొన్న తుంగచాప మీద నిన్న వాన జల్లు పడింది. ఆ తడి వాసనకు మా అవ్వ గుర్తుకొచ్చింది.

అవ్వ మా ఊరి చెరువులో తుంగ కోసి చాపలు అల్లేది. అంచుల్లో ఎంత కోసినా నడిమి గుబురును మాత్రం కొడవలితో తాకేది కాదు. వానలు సరిగా పడని ఒక ఏడు చెరువు కుంచించుకుపోయింది. అంచు తుంగ ఒక్క చాపకు కూడా చాలలేదు.

"అత్తా, ఆ నడిమిది కూడా కోసేస్తే ఈ నెల బియ్యానికి అయితాది గదా" అనింది అమ్మ.

"అది వాళ్ళది. ముట్టుకోవద్దు" అనింది అవ్వ.

వాళ్ళెవరో పిసినారి మనుషులనుకున్నాను. మేము గంజి తాగి పడుకుంటుంటే వాళ్ళకు అంత తుంగ ఎందుకని నాకు కోపం. వాళ్ళను పట్టుకుందామని ఒక మధ్యాహ్నమంతా చెరువు కట్ట మీద కాచుకున్నాను. గుబురులోంచి ఒక నీటికోడి, దాని వెనకే నల్లటి పిల్లలు వచ్చినాయి.

"అవ్వా, ఎవురూ రాలేదు. నీటికోళ్ళే ఉండాయి!"

"ఇంకెవురు రావాల పిచ్చిదానా, తాసిల్దారా?" అని అవ్వ పడీపడీ నవ్వింది.

మరుసటేడు వానలకు ఆ గుబురు నుంచే తుంగ మళ్ళీ అంచుల దాకా పాకింది. అప్పుడు అది నా బుర్రకెక్కలేదు. అవ్వ పోయినాక ఊరివాళ్ళు నడిమిది కూడా కోసుకున్నారు. తర్వాత మిషన్లు పెట్టి చెరువు శుభ్రం చేసినారు. ఇప్పుడు మోర్ధానా డ్యాం నీళ్ళతో చెరువు నిండుతుంది. తుంగ లేదు, నీటికోళ్ళు లేవు, చాపలు అల్లేవాళ్ళూ లేరు.

ఈ చాప ఎక్కడో దూరపు ఊరిదని అంగడాయన చెప్పినాడు. అక్కడ నడిమి గుబురు వదులుతున్నారా అని అడగాలనిపించింది. ఆయనకేం తెలుసులే అని ఊరకే వచ్చేసినాను.