గోల్ పడితే గాలిని తిట్టే మలాకీ

మలాకీ టూమీకి కోపం రాని పూట లేదు. అందులో వింతేమీ లేదు, ఐర్లండులోని మా బాలిక్రోనన్‌లో వాన పడే ప్రతి రోజూ అందరికీ కోపం వస్తుంది. వింతేమిటంటే, మైదానంలో ఆయన కోపం తప్పు చేసినవాడి మీదికి మాత్రం పోదు. గోల్ కాసే మా జట్టు గోలీ చేతుల్లోంచి బంతి సబ్బుముక్కలా జారి లోపలికి పోతే, జనమంతా గోలీని చూస్తారు. మలాకీ గోల్ కొయ్య మీద వాలిన సముద్రపు కొంగను తిడతాడు.

"ఏయ్, తెల్లరెక్కల దానా! టికెట్ కొన్నావా నువ్వు? దిగు ముందు!"

మా కుర్రాడు పెనాల్టీని ఆకాశంలోకి తన్నితే, మలాకీ చర్చి గంటగోపురాన్ని తిడతాడు, ఎండకి అడ్డం నిలబడిందని. ఆ పూట అసలు ఎండే లేదు. "ఆయనకి చూపు ఆనదు" అని కొందరు, "ఆట తెలియదు" అని కొందరు అనేవారు. మైదానం పక్కన టీ కొట్టు నడిపే నేను కూడా, పాపం మంచివాడే కానీ ఫుట్‌బాల్ ఒంటబట్టలేదు అనేదాన్ని.

వారమంతా ఆయనకి మాంసం కొట్టు. అక్కడ మాత్రం ఎవరు చిక్కితే వారికే తిట్లు. ఒకసారి మైదానం పక్కింటి ఫింటన్ మెడలో ఇంగ్లండులోని లివర్‌పూల్ జట్టు కండువా వేసుకుని వచ్చాడు.

"అరకిలో సాసేజీలు ఇవ్వు మలాకీ."

"లేవు."

"కళ్ళెదుట వేలాడుతున్నాయి కదయ్యా!"

"ఇవి మన ఊరివి, నీకు పనికిరావు. విమానమెక్కి లివర్‌పూల్ వెళ్ళి తిను. అక్కడి సాసేజీలు టీవీలో కూడా వస్తాయి. నీ ఇంటి గోడ పక్కనే మైదానం ఉంది, ఏనాడైనా తొంగి చూశావా?"

"మీ స్టాండు కప్పు కారుతుందయ్యా బాబూ."

"నువ్వొచ్చి టికెట్ కొంటే కారదు!"

ఇంత తిట్టి, తూకం అయ్యాక మరో రెండు సాసేజీలు పొట్లంలో పడేశాడు. అవి విసిరిన తీరు చూస్తే అదీ తిట్టే అనుకోవాలి.

ఆదివారం పూజలో ఫాదర్ లోర్కాన్ ఓర్పు గురించి చెబుతూ మాంచెస్టర్ జట్టును ఉదాహరణగా తెచ్చారు. బయటికి వచ్చేసరికి తలుపు దగ్గర మలాకీ కాచుకుని ఉన్నాడు.

"ఫాదర్, ఓర్పు కోసం సముద్రం దాటాలా? మన జట్టు కింది డివిజన్లో పడి ఎన్నేళ్ళయిందో దేవుడికే గుర్తు లేదు. శుక్రవారం రండి, ఓర్పంటే ఏమిటో చూపిస్తాను!"

ఫాదర్ వచ్చారు. మూడు గోల్స్ తేడాతో ఓడాం. వెళ్తూ ఆయన నా చేతిలోని టీ తీసుకుని, "నిజమేనమ్మా, ఈ విషయంలో నేను చదువుకోవాల్సింది చాలా ఉంది" అన్నారు.

మలాకీ కోపంలో అబద్ధం లేదు. మా కుర్రాళ్ళు పగలంతా ఇటుకలు మోసి సాయంత్రం బురదలో ఆడతారు. సీజన్ అయిపోతే జీతమూ అయిపోతుంది. డబ్లిన్‌లో ఫుట్‌బాల్ సంఘం పెద్దలు కుర్చీలు మార్చుకుంటూనే ఉంటారు, మా మరుగుదొడ్డి తలుపుకి మాత్రం గడియ రాదు. ఏ కుర్రాడి కాళ్ళలోనైనా కాస్త వెలుగు కనిపిస్తే చాలు, పద్దెనిమిదేళ్ళు నిండగానే ఇంగ్లండు జట్లవాళ్ళు సముద్రం అవతలికి తీసుకుపోతారు. వద్దనుకున్నప్పుడు తిప్పి పంపుతారు. ఇది రాస్తుంటే నాకే ఒళ్ళు మండుతోంది, ఎందుకంటే మా అబ్బాయి కోర్మాక్‌ని కూడా అలాగే పంపారు. రెండేళ్ళు ఉంచుకుని ఒక్క ఫోన్‌తో సరిపెట్టారు.

ఇంటికొచ్చిన నా కొడుకు గదిలోంచి కదల్లేదు. ఊళ్ళో అందరూ మంచివాళ్ళే, అదే వచ్చిన చిక్కు. బ్రెడ్ కోసం వెళ్తే "ఏమైంది బాబూ?", బస్సెక్కితే "ఏమన్నార్రా వాళ్ళు?" చివరికి వాడు పూజకి రావడం కూడా మానేశాడు. నేను జపమాల తిప్పుతూనే ఉన్నాను. మా జట్టు కోచ్ పదిసార్లు తిరిగి వాణ్ణి మళ్ళీ ఆడటానికి ఒప్పించాడు.

మొదటి ఆట నాడు నా భయం ఒకటే. ఈసారి దెబ్బ తింటే వాడు మళ్ళీ ఆ గది దాటి రాడు.

రెండో సగంలో వాడు చూసుకోకుండా బంతిని గోలీ వైపు వెనక్కి తట్టాడు. మధ్యలో అవతలి జట్టువాడు ఉన్నాడు. గోల్. మైదానమంతా వాడి వైపు తిరిగింది. నా వెనక ఎవరో, "అందుకే కాబోలు వాళ్ళు..." అని మొదలుపెట్టారు. కోర్మాక్ నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు.

"లైన్స్‌మన్!" అని మలాకీ పేలాడు. "ఏమిటయ్యా ఆ మేజోళ్ళు? ఒకటి నలుపు, ఒకటి నీలం! మీ ఇంట్లో దీపం లేదా?"

లైన్స్‌మన్ కంగారుగా కాళ్ళు చూసుకున్నాడు. మలాకీ కంచె కమ్మీ ఎక్కి గడ్డిని తిట్టాడు, దీపస్తంభాన్ని తిట్టాడు, డబ్లిన్ కుర్చీలను ఒక్కొక్క కాలూ లెక్కపెట్టి తిట్టాడు. రిఫరీ ఆట ఆపి వచ్చాడు.

"పెద్దాయనా, బయటికి నడవండి."

"నడుస్తాను! ఈ గాలిని కూడా బయటికి పంపు. గోల్ వేసింది అదే!"

స్టాండంతా ఘొల్లుమంది. కోర్మాక్ భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నాడేమో అనుకున్నాను. తల ఎత్తాడు, నవ్వుతున్నాడు. వాణ్ణి చూస్తున్నవాళ్ళు ఒక్కరూ లేరు. అందరి కళ్ళూ గేటు వైపు కాళ్ళీడ్చుకుంటూ పోతున్న ఆ ముసలాయన మీదే ఉన్నాయి. ఆయనకి ఆట తెలియదన్న మాట నా నోటే ఎన్నిసార్లు వచ్చిందో!

ఒక కప్పు టీ పట్టుకుని బయటికి వెళ్ళాను. మలాకీ గేటుకి వీపు పెట్టి నిలబడ్డాడు.

"పాలు ఎక్కువయ్యాయి" అన్నాడు, ఇంకా తాగకుండానే. ఆ తరువాత గొంతు తగ్గించాడు. "అసంప్టా, లోపలికి చూసి చెప్పమ్మా. వాడు బంతి అడుగుతున్నాడా?"

"సందులోంచి నువ్వే చూడొచ్చుగా?"

"బయటికి పొమ్మన్నారు. చూడటం తప్పు. నువ్వు చెప్పు. తప్పు చేసిన కుర్రాడు దాక్కుంటాడు, బంతి తన దగ్గరికి రాకుండా తప్పుకుంటాడు. చెయ్యెత్తి అడుగుతున్నాడా, లేదా?"

గేటు సందులోంచి చూశాను. అటు చివర, మోకాళ్ళ దాకా బురదతో, నా కొడుకు చెయ్యెత్తి నిలబడి ఉన్నాడు.

"అడుగుతున్నాడు మలాకీ. గోలీయే ఇవ్వడం లేదు."

"ఇవ్వడా? ఇవ్వకపోవడమేమిటి!" కప్పు నేల మీద పెట్టి, రెండు చేతులతో గేటు పట్టుకుని ఊపేశాడు. "ఇవ్వరా వాడికి! గోలీ! ఇవ్వరా బంతి!"

దేవుడు క్షమించాలి, ఆయన పక్కన నేనూ గేటు పట్టుకుని అరిచాను.