మంచి కంటికి కట్టిన పట్టీ

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, అక్కలారా, చెల్లెళ్ళారా, మీకందరికీ నా వందనాలు. నా పేరు సువార్తమ్మ, మాది దేశనూరు, మా ఆయనా నేనూ కాలువ కింద మళ్ళల్లో కూలి చేసుకుని బతికేవాళ్ళం. సాక్ష్యం చెప్పమని మన పాస్టరు అయ్యగారు ఎన్నాళ్ళ నుంచో అడుగుతున్నారు, నేనే వెనకాడుతూ వచ్చాను, ఎందుకంటే నాకు మెత్తగా మాట్లాడటం రాదు, ఉన్నది ఉన్నట్టు అనేస్తాను, తర్వాత ఎవరి మనసో నొచ్చుకుంటుంది. అయినా దేవుడు చేసిన మేలు చెప్పకుండా దాచుకుంటే నాకు నిద్ర పట్టేట్టు లేదు గనక ఈ పొద్దు లేచాను.

మా కరుణ మాకు పెళ్ళయిన చాలా ఏళ్ళకు పుట్టింది. ఆ బిడ్డ కోసం నేను ఏడ్చిన ఏడుపు మా గోడలకు తెలుసు. ఏడాది నిండి, గోడ పట్టుకుని నడుస్తున్న రోజుల్లో బిడ్డ ఎడమ కన్ను ముక్కు వైపుకు తిరగడం మొదలుపెట్టింది, మొదట్లో నిద్ర వచ్చినప్పుడు మాత్రమే తిరిగేది, తర్వాత్తర్వాత పొద్దస్తమానం అట్లాగే ఉండిపోయింది. నేను చూసి గుండె పట్టుకుంటే మా అత్త నవ్వి బిడ్డ బుగ్గలు పుణికి మెటికలు విరిచింది. "ఏందిమే ఆ ఏడుపు, ఆడబిడ్డకు ఎడమ కన్ను మెల్ల ఉంటే అదృష్టం. మన ఇల్లు నిండుతాది చూడు" అంది.

ఆ మాట మా ఇంట్లోనే ఉండిపోయి ఉంటే బాగుండేది, కాని ఊరంతా పాకింది. కాలువ నీళ్ళు మా వైపు కొత్తగా వచ్చిన రోజులవి. మేము పని చేసేది సుబ్బయ్య గారి పొలంలో, ఆయన కోస్తా నుంచి వచ్చి ఈడ భూమి కొని వరి పెట్టిన రైతు. ఆయన మొదటిసారి విత్తనం చల్లిన పొద్దు ఎదురుగా నా బిడ్డ కనిపించిందట, పంట విరగపండింది, అంతే, ఆ తర్వాత కరుణ చేత్తో గుప్పెడు వడ్లు వేయించందే ఆయన మడిలో కాలు పెట్టేవాడు కాదు. ఆయన్ను చూసి మిగతావాళ్ళు మొదలుపెట్టారు. కోర్టుకు పోయేవాడు, పత్తి అమ్మడానికి పోయేవాడు, పిల్లను చూడడానికి పోయేవాళ్ళు, అందరూ మా వాకిట్లోకి వచ్చి "బిడ్డను ఒక్క తూరి ఇట్లా తిప్పమ్మా" అని అడిగేవాళ్ళు, ఆ మెల్లకన్ను చూసుకుని చేతిలో ఇంత బెల్లం ముక్క పెట్టి వెళ్ళిపోయేవాళ్ళు. మన సంఘంవాళ్ళు కూడా వచ్చారు. పేర్లు చెప్పను, వాళ్ళు ఈడనే కూర్చున్నారు, తలలు వంచుకోనక్కర్లేదు, దేవుడు క్షమించేవాడు.

బేరం కుదిరితే బెల్లం, కుదరకపోతే తిట్లు. ఒకాయన కోర్టులో ఓడిపోయి వచ్చి "నీ కూతురు ఆ పొద్దు నా దిక్కు సరిగా చూడలేదు" అని మా గడపలో నిలబడి అరిచాడు. బిడ్డ వాకిట్లో అడుగుల చప్పుడు వింటే చాలు, నా చీర చాటుకు దూరేది. ఇంకొకటి నన్ను లోపల్లోపల తినేసింది. లోటా అందుకోబోయి పక్కన గాలిని పట్టుకునేది, గడప దిగబోయి పడేది. అదృష్టం అదృష్టం అంటున్నారే గాని ఆ కంటికి ఏమన్నా కనిపిస్తోందా అని ఒక్కరూ అడగలేదు. నేను పొయ్యి ముందు మోకాళ్ళూని ప్రార్థన చేశాను. "ప్రభువా, ఈ బిడ్డను నాకు కూతురుగా ఇచ్చావా, ఊరికి శకునంగా ఇచ్చావా? నాకేమీ తెలియడం లేదు తండ్రీ. నేను చదువుకోలేదు, నాకు దారి తెలియదు, నువ్వే ఎవరినైనా పంపు."

సహోదరులారా, ఆయన పంపాడు. అప్పటికి బిడ్డకు మూడో ఏడు. టీకాలు వేయడానికి ఊరికి వచ్చిన నర్సమ్మ మా ఇంటి ముందు ఆగి, సూది సంగతి పక్కన పెట్టి, బిడ్డ కంటి వంక చాలాసేపు చూసి, ఆలస్యం చేయకుండా బళ్ళారిలో కళ్ళ డాక్టరుకు చూపించండి, వయసు దాటితే ఎవరూ ఏమీ చేయలేరు అని చెప్పి పోయింది. మా ఆయన మారుమాట లేకుండా బస్సెక్కించాడు.

ఆ డాక్టరమ్మది ఏ ఊరో, కన్నడమూ తెలుగూ కలిపి మాట్లాడేది. కరుణను నా ఒళ్ళో కూర్చోబెట్టి చేతికి ఒక గాజు ఇచ్చింది. బిడ్డ ఆడుకుంటుంటే మెల్లగా తన అరచేత్తో ఆ ఎడమ కన్ను మూసింది, బిడ్డ పట్టించుకోలేదు, ఆట ఆటగానే ఉంది. తర్వాత మంచి కన్ను, అంటే కుడి కన్ను మూసింది, బిడ్డ ఒక్క కేక పెట్టి రెండు చేతులతో ఆమె చేతిని తోసేసి తల అటూ ఇటూ కొట్టుకుంది. "చూసితివా అమ్మా," అంది డాక్టరమ్మ, "ఈ కన్ను మూస్తే ఏడవలేదు, ఎందుకంటే దీనితో చూడటమే లేదు. కన్ను చెడిపోలేదు, చూసే పని మానేసింది, అంతే. చిన్నప్పుడే దానికి మళ్ళీ పని నేర్పించాలి." నేను ఆమె కాళ్ళు పట్టుకుని, అమ్మా, కన్ను తిన్నగా చేసి పెట్టు, రేపు పెళ్ళి కావాలి కదా అన్నాను. ఆమె నన్ను లేపి, మొదట చూపు రానీ, తిన్నగా చేయడం తర్వాత, అంది.

వైద్యం ఏమిటంటే, బాగా కనిపించే కన్నును పట్టీ వేసి మూసేయాలి! మూస్తే బిడ్డ విధి లేక ఎడమ కన్నుతో చూస్తుంది, చూడగా చూడగా దానికి చూపు వస్తుంది, ఎంత ఏడ్చినా నేను చెప్పేదాకా పగలు పట్టీ తీయొద్దు అని ఒకటికి రెండుసార్లు చెప్పింది. బళ్ళారిలోనే కౌల్ బజార్‌లో ఒక సాయిబు అంగట్లో చిన్న కళ్ళద్దాలు చేయించాం, ఆయనే వాటికి దారం కట్టి, బిడ్డ చెవుల వెనక ముడి వేసి, "రాణీ మాదిరి ఉండావు బేటీ" అన్నాడు. ఆ పొద్దు నా బిడ్డను కన్ను కోసం కాకుండా బిడ్డగా చూసిన పరాయి మనిషి ఆయనొక్కడే.

ఇంటికి వస్తే మా అత్త నెత్తి కొట్టుకుంది. "కనపడే కన్ను మూసి కనపడని కన్ను తెరిచి పెట్టినారే, మీకు మతి ఉండాదా లేదా? బిడ్డను గుడ్డిదాన్ని చేస్తాండారు" అని రాగాలు తీసింది. నిజమే, చూసేవాళ్ళకు అట్లాగే ఉంది. బిడ్డ గోడలు తడుముకుంటూ, ఎదురొచ్చిన మేక మీద పడుతూ, పొద్దంతా ఏడ్చేది. నేను పనికి పోయి వచ్చేసరికి మా అత్త పట్టీ ఊడదీసి పెట్టేది, ఇక లాభం లేదని బిడ్డను చంకనేసుకుని పోవడం మొదలుపెట్టాను.

అంతలో విత్తనాల పొద్దు వచ్చింది. సుబ్బయ్య గారు తానే మా ఇంటికి వచ్చారు. ఆయన చెడ్డవాడు కాదు, సభలో నిలబడి ఆ మాట అనకూడదు. "అమ్మాయ్, ఆసుపత్రికి వెళ్ళొద్దని నేననటం లేదు. ఈ ఒక్క పూట ఆ పట్టీ తీసి బిడ్డను తీసుకురా. ఆ మెల్ల పోతే పొలానికి కీడని మా ఆవిడ బెంగ పెట్టుకుంది. మీకు పని ఇచ్చేవాణ్ణి, ఈపాటి అడగకూడదా?" అన్నారు. "సామీ, మీకది శకునం, నాకు బిడ్డ కన్ను. పట్టీ తీసేది లేదు" అన్నాను. ఆయన తువ్వాలు దులుపుకుని వెళ్ళిపోయారు, ఆ పొద్దు నుంచి మాకు ఆ పొలంలో పని లేదు, ఆయన్ను చూసి మిగతావాళ్ళూ పిలవడం మానేశారు. మా ఆయన దూరంగా కాలువ పనికి రాళ్ళు మోయడానికి పోయాడు. ఇంట్లో సంకటి పలచనైంది.

ఒక సాయంత్రం బిడ్డ నా ఒళ్ళో తల పెట్టి, ఏడవడానికి కూడా ఓపిక లేక, "అమ్మా, తీయి, చీకటిగా ఉండాది" అంది. నా చెయ్యి పట్టీ మీదికి పోయింది. సహోదరీలారా, కన్నతల్లులైన మీకు వేరే చెప్పాలా? నా రెండు చేతులూ నా కిందే పెట్టుకుని కూర్చుని ప్రార్థన చేశాను. "యేసయ్యా, నా చేతులు పట్టుకో. దీని ఏడుపు ఆపడం నాకు ఒక్క క్షణం పని, దీనికి చూపివ్వడం నా వల్ల అయ్యే పని కాదు. నేను నమ్మింది తప్పయితే నన్ను శిక్షించు, నా బిడ్డను కాదు. నిజమే అయితే ఒక్క గుర్తు చూపించు, ఇంకేమీ అడగను." ఏడ్చి ఏడ్చి అట్లాగే పడుకున్నాం.

తర్వాత కొన్నాళ్ళకు మా అత్త వాకిట్లో జొన్నలు చేటలో పోసి ఏరుతోంది, కరుణ పక్కన కూర్చుని ఉంది, పట్టీ కుడి కంటికి ఉంది. ఉన్నట్టుండి బిడ్డ చెయ్యి చాచి చేటలోంచి ఒక రాయి తీసి, "అవ్వా, రాయి" అంది. మా అత్త ఏదో చేతికి తగిలిందనుకుంది. బిడ్డ ఇంకొకటి తీసింది, తడమలేదు, సూటిగా పోయి తీసింది. నేను లోపల పొయ్యి ఊదుతుంటే మా అత్త గొంతు వినిపించింది. "సువార్తా, ఈడికి రామే. చూస్తాండాదే, ఆ కన్నుతోనే చూస్తాండాదే" అంటూ చేట పక్కన పెట్టి, బిడ్డను గుండెకు అదుముకుని, ముసలామె వెక్కి వెక్కి ఏడ్చింది. దేవునికే మహిమ! ఆ పొద్దు నుంచి పట్టీకి కాపలా మా అత్తే. శకునానికని వాకిట్లోకి ఎవరన్నా వస్తే "యాడికన్నా పొండి, మా పాపకు పని ఉండాది" అని కట్టె చూపించేది.

చూపు నిలకడ పడ్డాక డాక్టరమ్మ ఆపరేషన్ చేసి కన్ను తిన్నగా చేసింది. ఆ గది తలుపు బయట మేము చేసిన ప్రార్థన మాటల్లో చెప్పలేను, మాటలు లేవు కూడా. ఇప్పటికీ బాగా అలిసిపోతే ఆ కన్ను కొంచెం లోపలికి పోతుంది, దాచడమెందుకు, కళ్ళద్దాలు కూడా పోలేదు. కాని కుడి కన్ను మూసినా నల్లబల్ల మీద అయ్యవారు రాసింది చదువుతుంది. సుబ్బయ్య గారికి ఆ ఏడు కరుణ చెయ్యి పడకపోయినా పంట బాగానే వచ్చింది. కోతలకు ఆయనే మనిషిని పంపి మమ్మల్ని పిలిపించారు, గట్టు మీద కరుణను చూసి "బాగున్నావా తల్లీ" అన్నారు, ఇంకేమీ అడగలేదు, ఆయనకూ ఒక భారం దిగినట్టుంది. ఇప్పుడు మా వాకిట్లో అడుగుల చప్పుడు వింటే నా బిడ్డ దాక్కోదు, ఎవరొచ్చారో చూడడానికి బయటికి పరుగెత్తుతుంది.

ప్రార్థన చాలదా, డాక్టరెందుకు అని నన్ను అడిగినవాళ్ళున్నారు. నేను ఎవరినైనా పంపమని అడిగాను, ఆయన నర్సమ్మను పంపాడు, నేను అడిగి ఆయన పంపాక వెనక్కి పొమ్మనమంటారా?

వెనక వరసలో తల్లి పక్కన కూర్చున్న చెల్లీ, నీ ఒళ్ళో బిడ్డను పొద్దున్నుంచి చూస్తున్నాను. నువ్వు కొంగుతో ముఖం కప్పుతున్నావు గాని నేను చూశాను. పుట్టిన కొన్ని నెలలు పసిబిడ్డల కళ్ళు అటూ ఇటూ పోతుంటాయి, దానికి భయపడొద్దని డాక్టరమ్మే చెప్పింది. కాని నీ బిడ్డ కూర్చుంటోంది, పాకుతోంది, కన్ను ఇంకా నిలవడం లేదు. అదృష్టమని నీకు ఎవరో చెప్పే ఉంటారు, వాళ్ళమీద కోపం పెట్టుకోకు, వాళ్ళకూ ఎవరో చెప్పారు. రేపు పొద్దున బళ్ళారి బస్సుకు నేనూ వస్తాను, డాక్టరమ్మ ఉండే చోటు నాకు తెలుసు. పట్టీ కట్టిన పొద్దు బిడ్డ ఏడుస్తుంది, నువ్వూ ఏడుస్తావు, నేను వచ్చి నీ పక్కన కూర్చుంటాను. నన్ను విడవని దేవుడు నిన్నూ విడవడు. ఆ కొంగు తీసి, బిడ్డను ఎత్తుకుని ముందుకు రా చెల్లీ, అందరం కలిసి ప్రార్థన చేద్దాం.