మాయమ్మ మాయమైపోయింది

మొన్న తెల్లారేసరికి పుంగనూరు నుంచి చిన్నాయన ఫోన్ చేశాడు. "మీ చిన్నమ్మ నిద్దర్లోనే పొయ్యిందమ్మా" అన్నాడు. మదనపల్లె నుంచి మేం వెళ్ళేటప్పటికి ఇంటి ముందు జనం. అందులో చాలామంది ఆమె దగ్గర ఎల్‌కేజీ చదివినవాళ్ళు. మీసాలొచ్చినవాళ్ళు కూడా ఆమెను 'మా మిస్' అనే అంటున్నారు.

చిన్నమ్మ ఒక చిన్న ప్రైవేటు బడిలో పనిచేసేది. పలక మీద అక్షరాలు దిద్దించడం కన్నా పిల్లల కబుర్లు వినడమే ఆమెకు ఇష్టం. అక్షరం రేపైనా దిద్దుతారు, ఈ మాట రేపు చెప్పరు అనేది. కానీ టీవీ మాత్రం చూసేది కాదు. పిల్లలు ఏ మంత్రగాడి గురించో చెబితే, ఆ పెట్టెలో చూసుంటారులే అని నవ్వుకునేది.

వారం రోజులు బడికి రాని ఒక నాలుగేళ్ళ పాప, ఒకనాడు పెద్దపంజాణి ఊరి నుంచి వచ్చే ఆటో దిగి వస్తూనే, "మిస్, మాయమ్మ మాయమైపోయింది" అంది. మా అమ్మ అనడానికి మా వైపు మాయమ్మ అనే అంటాం. రెండు మాటలూ అలా ఒకదాని మీదొకటి పడేసరికి పిల్లలంతా నవ్వారు. అప్పట్లో వాళ్ళు చూసే కార్యక్రమంలో మంత్రగాడు మనుషుల్ని మాయం చేస్తాడట, మంత్రం చదివితే తిరిగొస్తారట. ఇదీ ఆ ఆటే అనుకుంది చిన్నమ్మ. "అయితే మంత్రం సదివి పిలుద్దాము, కండ్లు మూసుకోండి" అని అందరి చేతా 'రా, రా' అని పిలిపించింది. అందరికన్నా గట్టిగా పిలిచింది ఆ పాపేనట.

ఆ మధ్యాహ్నం పాప కోసం వచ్చిన అవ్వ గేటు దగ్గర అసలు సంగతి చెప్పింది. పాప తల్లి కుప్పం ఆస్పత్రిలో చనిపోయింది. పాపకు ఎవరూ ఏమీ చెప్పలేదు. తనకు తెలిసిన ఒక్క మాటతో ఆ బిడ్డే చెప్పుకుంది.

కొద్దిరోజులకే పాపను కుప్పంలో మేనమామ ఇంటికి పంపేశారు. అప్పటినుంచి చిన్నమ్మ సాయంత్రాలు టీవీ ముందు కూచుని పిల్లల కార్యక్రమాలన్నీ చూడసాగింది. "వార్తలు సూద్దామంటే ఈ బొమ్మలాట ఏందే, ఎల్‌కేజీ నువ్వు సదవతాండావా?" అని చిన్నాయన ఎగతాళి చేసేవాడు. "నాకు హోంవర్క్ ఉండాది, గమ్మునుండు" అనేది. తరగతిలో ఎవరేం చెప్పినా పక్కన కూచుని, "ఇది టీవీలో జరిగిందా నాయనా, ఇంట్లో జరిగిందా?" అని అడిగేది. ఇంటి గుట్టు లాగుతోందని కొందరు తల్లులు విసుక్కున్నారు కూడా.

టీవీ గురించి తెలియకపోవడమే ఆమె పొరపాటా? నాకు సందేహమే. ఆ మంత్రగాడి సంగతి కాస్త తెలియబట్టే మోసపోయిందేమో. ఏమో, ఆమె మాత్రం అలా అనుకోలేదు.

ఆ పాపను చూసి రావాలని ఏళ్ళ తరబడి అనుకుంది. పోయి ఏమని చెప్పేది అని ఆగిపోయేది. కిందటేడు నన్ను తోడు తీసుకుని కుప్పం బయలుదేరింది. దారి పొడుగునా ఏం మాట్లాడాలో కూడబలుక్కుంది.

ఆ పాప ఇప్పుడు హైస్కూలు చదివే అమ్మాయి. మంచినీళ్ళిచ్చి, మేమెవరో తెలిశాక చిన్నమ్మ వైపు కాసేపు చూసింది. "మీరు పిలిపించినారు కదా మిస్. ఈడికొచ్చినాక గూడా దినామూ పిలస్తాంటి. ఎప్పుడు మానుకున్నానో గుర్తులేదు" అంది. కోపమేమీ లేదు ఆ గొంతులో.

చిన్నమ్మ నీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టింది. అనుకున్న మాటల్లో ఒక్కటీ అనలేదు. అమ్మాయి తల నిమిరి లేచింది. ఇక ఎప్పటికీ అనలేదు.

తిరుగు బస్సులో ముందు సీట్లోని చంటిపిల్ల, తల్లి భుజం మీదుగా వెనక్కి తిరిగి చిన్నమ్మకు ఏదో చెప్పడం మొదలుపెట్టింది. ఇంకా మాటలు సరిగా రాని వయసు. బస్సు మోతలో నాకొక్క ముక్కా వినిపించలేదు. చిన్నమ్మ ముందుకు వంగి, కమ్మీ పట్టుకుని, ఆ పిల్ల నోటి దగ్గర చెవి పెట్టింది. పలమనేరు దాటినా అలా వంగే ఉంది.