ప్రార్థన కోసం పీకిన ప్లగ్గు

హృదయాలను పరిశోధించే దేవునికి స్తోత్రం. దాచినదంతా ఎరిగిన ప్రభువుకే మహిమ.

ఏళ్ల తరబడి ఒక బరువు మోస్తున్నాను. ఆదివారం వాక్యం చెప్పడానికి లేచిన ప్రతిసారీ అది నాతోపాటే లేస్తుంది.

అప్పుడు విశాఖలో, బీచ్ దగ్గర ఒక చిన్న సీఫుడ్ హోటల్లో సర్వర్‌ని. లాబ్‌స్టర్‌కు పేరున్న హోటలు. గుమ్మం పక్కనే అద్దాల తొట్టి. బతికున్నవాటిలో నచ్చినదాన్ని కస్టమర్లు చూపిస్తే, దాన్నే వండిపెట్టేవారు. ఫిషింగ్ హార్బర్ నుంచి వాటిని అప్పలరాజు తెచ్చేవాడు. చుట్టరికం లేకపోయినా నన్ను బావ అనేవాడు.

ఒక ఉదయం, అప్పలరాజు సరుకు నా చేతికిచ్చి వెళ్లాక, హోటలు తెరవకముందు, యజమానిని ఒప్పించి మా సంఘస్థులతో అక్కడ ప్రార్థన పెట్టించాను. మైకుకు ప్లగ్గు పెట్టే చోటు దొరకలేదు. తొట్టిలోకి గాలి పంపే మోటారు ప్లగ్గు పీకేశాను. ఆ స్థలాన్ని దీవించమని కన్నీళ్లతో వేడుకున్నాను. మోటారు సంగతి మరిచిపోయాను. మధ్యాహ్నం జనం వచ్చేసరికి తొట్టిలో ఒక్కటీ కదల్లేదు.

యజమాని నిలదీశాడు. తెచ్చినప్పుడే నీరసంగా ఉన్నాయన్నాను.

మర్నాడు అప్పలరాజును యజమాని అందరి ముందూ తిట్టాడు. అతను నావైపు తిరిగాడు.

"సెప్పు బావ. నిన్న నీ సేతిలో ఎట్టినప్పుడు మీసాలాడించనేదేటి అవి?"

"నాకు గుర్తులేదు."

ఎందుకన్నాను? ఉద్యోగం పోతుందనా? అదీ ఉంది. కానీ ప్రార్థన చేస్తే సరుకు చచ్చిందని నవ్వుతారేమోనని భయపడ్డాను. దేవుని పేరు కాపాడానని నాకు నేనే చెప్పుకుని, ఆ మాట మీదే ఇన్నేళ్లు తల పెట్టుకుని నిద్రపోవాలని చూశాను. దేవునికి నా అబద్ధం కావాలా?

చచ్చిన సరుకు తెస్తాడన్న మాట హార్బరంతా పాకింది. మిగతా హోటళ్లూ అతని దగ్గర కొనడం మానేశాయి. పడవ అమ్ముకున్నాడు. ఇప్పుడు ఇతరుల వలలు బాగుచేస్తూ కూర్చుంటాడు. నేను సంఘ పెద్దనయ్యాను. మొన్న అటు వెళ్తే, నా చేతిలో బైబిలు చూసి నవ్వాడు.

"మీ దేవుడికి నా గురించి కూడా ఓ మాట సెప్పు బావ."

సరేనన్నాను. దేవునికి ఎన్నోసార్లు చెప్పాను. అతనికే చెప్పలేదు.

క్షమాపణ ఉందని సంఘానికి బోధిస్తాను. నాకు దొరికిందని మాత్రం చెప్పలేను. ఇది రాశాక కాస్త ఊపిరి ఆడుతోంది, అంతే. మీరూ ప్రార్థించేవారైతే నాతో మోకరించండి. అప్పలరాజు పేరు చెప్పండి. నా పేరు ఎలాగూ మీకు తెలియదు.