కొండ జీపు మామకు ఇయర్ బడ్స్

"మామా! ఓ మామా! రంగసామి మామా!"

మూడుసార్లు పిలిచాను. కౌంటర్‌కు అవతల, చేయి చాస్తే అందేంత దూరంలోనే ఉన్నాడు. కళ్ళు మూసుకుని తనలో తనే నవ్వుకుంటున్నాడు. రెండు చెవుల్లోనూ నేనే పెట్టిన ఇయర్ బడ్స్. వెనక రోడ్డు మీద ఒక జీపు హారన్ కొట్టుకుంటూ పోయింది. తల కూడా తిప్పలేదు.

రోజూ తెల్లవారేసరికి మా అమ్మ ఎక్కేది ఈయన జీపే.

పోయిన ఏడాది, యాలకుల కోత కాలం. కొండ కింద మా ఊరు బోడినాయకనూరు, అక్కడి బస్టాండు పక్కన మొబైల్ షాపులో నా ఉద్యోగం. ప్లస్ టూతో చదువు ఆపేసి చేరాను. చార్జర్లు, స్క్రీన్ గ్లాసులు, ఇయర్ బడ్స్ అన్నీ నా చేతి మీదే పోతాయి. రంగసామి మామది మా వీధే. వరసకేమీ కాడు, కానీ వీధి మొత్తానికీ మామ. కోత పనికి పోయే ఆడవాళ్ళను పొద్దున కొండ మీది తోటకు ఎక్కించి, సాయంత్రం దించుతాడు.

ఆ సాయంత్రం అందర్నీ దించేసి షాపుకు వచ్చీ రాగానే అడిగాడు. "పాపా, చెవిలో పెట్టుకుంటే సత్తం చచ్చిపోతాదంట గదా, అదేందో ఇయ్యి." సత్తం అంటే మా మాటలో శబ్దం.

ఆయన అడిగింది నాయిస్ క్యాన్సిలింగ్. బడ్‌లోని చిన్న మైకు బయటి మోతను పట్టుకుంటుంది, దానికి ఎదురు మోతను బడ్ చెవిలోకి వదులుతుంది. రెండూ ఒకదాన్నొకటి అణిచేస్తాయి. ఫ్యాను, ఇంజిను లాంటి ఆగకుండా సాగే మోతకు ఇది బాగా పని చేస్తుంది. మాటలు, హారన్లు దీనికి అంతగా లొంగవు. వాటిని ఆపేది టిప్, అంటే బడ్ కొసన ఉండే రబ్బరు తొడుగు. మామ కుడి చెవికి మీడియం, ఎడమ చెవికి స్మాల్ సరిపోయాయి. మార్చి మార్చి చూసి, జారకుండా నొప్పి లేకుండా కుదిర్చి, పాట పెట్టాను. అంత బాగా కుదరడమే నన్ను భయపెట్టింది.

ఒక బడ్ లాగేసి అడిగాను. "మామా, ఇది పెట్టుకొని వండి తోలతారా?" వండి అంటే బండి.

"మరెందుకు కొనేది? మీ అమ్మావాళ్ళ అరుపులు వినలేకదా!" మాట కొసన దా చేరిస్తే మా దగ్గర నొక్కి చెప్పడం.

"నవ్వకండి మామా. వంపులో మంచు దిగితే పైనుంచి వచ్చే వండి ఎట్ల తెలుస్తాది?"

"నువ్వు పుట్టకముందు నుంచి తోలతాండా. వంపు నాకు నేర్పుతావా?"

మా కొండ దారిలో ఒక అలవాటుంది. వంపుకు ముందే హారన్ కొట్టాలి. కొట్టి, చెవి ఒగ్గి వినాలి. అవతలి నుంచి జవాబు హారన్ వస్తే, దిగే బండి ఆగి ఎక్కే బండికి దారి ఇస్తుంది. మంచు కమ్మినప్పుడు చెవులే కళ్ళు. వెనక ఎవరికైనా ఆపాలంటే జీపు రేకు మీద కొడతారు. అదీ వినపడాలి.

మామను గోడ వైపు తిప్పి, బడ్స్ మళ్ళీ పెట్టి, హారన్ వినపడినప్పుడల్లా చెయ్యెత్తమన్నాను. పెద్ద బస్సుకు ఎత్తాడు. జీపుకు ఎత్తలేదు. ఆటోకూ ఎత్తలేదు. కాసేపటికి తిరిగి, "ఏందమ్మా, రోడ్డులో ఆ బస్సు తప్ప ఒక్క వండీ రాలేదే?" అన్నాడు.

ట్రాన్స్‌పరెన్సీ మోడ్ పెట్టి చూపించాను. అది బయటి శబ్దాన్ని మైకుతో లోపలికి పంపుతుంది. మామ మొహం ముడుచుకుంది. "సత్తం మళ్ళీ వచ్చె గదా. దీనికి ఇదెందుకు?"

అప్పుడు ఆయన గొంతు తగ్గింది. "నిద్ర లేదు పాపా. రాత్రి పడుకుంటే చెవిలో గుయ్ అంటాది. పగలు పైన పడుకుందామంటే, యాలకులు ఆరబెట్టే స్టోరు పక్కనదా వండి నిలిపేది. ఆ బ్లోయర్ మోతకు కన్ను మూతపడదు. సాయంత్రం దిగేటప్పుడు మాత్రం తానే మూతపడతాది. మీ అమ్మదా పక్కన కూర్చొని భుజం గిల్లుతాది. నీకు చెప్పలేదా?"

అమ్మ చెప్పలేదు. బడ్స్ ఇస్తే ఈయనకు హారన్ వినపడదు. ఇవ్వకపోతే స్టీరింగు మీదే నిద్రపోతాడు. రెండింటిలోనూ పక్క సీట్లో ఉండేది అమ్మే.

"చెవి గుయ్‌మనేదానికి డాక్టరు దగ్గరకు పోండి మామా, అది మా షాపు పని కాదు. బ్లోయర్ మోతకైతే ఇది సరిగ్గా సరిపోతాది. పైన వండి నిలిపినాక పెట్టుకొని పడుకోండి. తోలేటప్పుడు మాత్రం వద్దు."

"సరి, సరి," అన్నాడు. బయటికి పోయి జీపు స్టార్ట్ చేయకముందే రెండూ చెవుల్లో పెట్టుకోవడం అద్దంలోంచి చూశాను. పరుగెత్తేలోపే బండి కదిలిపోయింది.

ఆ రాత్రి ఇంట్లో అన్నం ముందు కూర్చుని మెతుకులు కెలుకుతున్నాను.

"ఏమే, అన్నంతో ఆడతాండావు?" అంది అమ్మ.

"మామ నిద్రపోతాడని నాకెందుకు చెప్పలే?"

"చెప్తే పోవద్దంటావు. కోత కాలంలో ఇంకో వండిలో చోటు యాడుంది? నేను గిల్లుతాండా గదా, తిను!"

గిల్లితే కన్ను తెరుచుకుంటుంది, చెవి తెరుచుకోదు కదా. ఆ రోజు వరకు షాపులో కొనేవాళ్ళను బ్యాటరీ ఎంతసేపు కావాలి, బాస్ ఎంత కావాలి అని అడిగేదాన్ని. ఇప్పుడు ఎవరొచ్చినా మొదట అడిగేది వేరు. ఇవి పెట్టుకున్నాక కూడా మీకు ఏ శబ్దం వినపడాలి? మొన్న ఒక బాలింత, బిడ్డ ఏడుపు అని చెప్పి, పెట్టెను మళ్ళీ కౌంటర్ మీద పెట్టేసింది.

అమ్మతో ఆ మాటలైన మరుసటి ఉదయం ఆమె వెనకే జీపు స్టాండుకు పోయాను. మామ స్టీరింగు ముందు కూర్చుని ఉన్నాడు. వెనక నుంచి రేకు మీద కొట్టాను. కదల్లేదు. గుద్దాను. కదల్లేదు. జీపులోని ఆడవాళ్ళు ముందుకు వంగి చూశారు. ముందుకు పోయి చెయ్యి చాచాను.

"ఇయ్యండి మామా."

"ఏంది, అమ్మింది వాపసు తీసుకుంటావా?"

"లేదు. అమ్మ దగ్గర ఉంటాయి. పైకి పోయి వండి తాళం అమ్మకు ఇస్తే, ఇవి మీకు. సాయంత్రం ఇవి ఇస్తేనే మళ్ళీ తాళం."

"అదిదా సరి!" అని వెనక నుంచి ఒకామె అరిచింది. "ఇయ్యి మామా! లేకుంటే నువ్వు వెనక కూర్చో, మేం తోలతాము!"

మామ అమ్మ వైపు చూశాడు. అమ్మ భుజం గిల్లే వేళ్ళు చూపించింది. ఆయన ఒక్కొక్కటే చెవుల్లోంచి తీసి, డబ్బాలో పెట్టి, నా అరచేతిలో పెట్టాడు. నేను దాన్ని అమ్మ కొంగు కొసన పెట్టి ముడివేశాను. దాని మీద ఇంకో ముడి వేసి, గట్టిగా లాగి చూశాను.