ఖాళీ సీటుకు చెప్పుకున్న అర్జీ

మా అమీర్‌పేట సందులో మూత లేని మ్యాన్‌హోల్ గురించి ఆరు అర్జీలిచ్చాను. ఇప్పటిదాకా జవాబు లేదు. నా భార్య అందులో పడి కాలు విరిగాక ఇచ్చిన ఆరోదాని మీద మున్సిపల్ ఆఫీసు గుమాస్తా టీ గ్లాసు పెట్టి, "రేపు రా" అని తిరిగిచ్చాడు. అది మరిచిపోను.

ఆ మరక కాగితంతోనే బస్సెక్కాను. పంజాగుట్ట ట్రాఫిక్‌లో బస్సు ఆగింది. పక్కనున్న పెద్దాయన కాగితం అడిగి తీసుకుని చదివాడు. ఒకప్పుడు వీధి నాటకాలు ఆడేవాడట.

"మా నాటకంల ఆఫీసర్ ఏషానికి మనిషి ఉండడన్నా. ఉత్త కుర్చీ ఏసేటోళ్లం. చూసే జనమే లేచి దాన్ని అడిగేటోళ్లు."

"కుర్చీ జవాబిచ్చిందా?"

"యాడిస్తది? గానీ నలుగురిల అడిగినోడు మళ్ల గప్‌చుప్ కూసోలే."

ముందు సీటు ఖాళీ అయింది. ఆయన దాన్ని చూపించి, "లేచి అడుగు" అన్నాడు. కాగితం తీసుకుని లేచి, ఆ సీటుకు అర్జీ మొత్తం పైకి చదివాను.

"సార్ లంచ్‌కు పోయిండేమో!" అని ఎవరో నవ్వారు. ఒకామె మాత్రం, "మా గల్లీల సుత గంతే" అంటూ లేచి నా పక్కన నిలబడింది. పెద్దాయన తర్వాతి స్టాపులో దిగిపోయాడు.

మ్యాన్‌హోల్ ఇంకా తెరిచే ఉంది. ఇవాళ ఆ ఆఫీసు గేటు ముందు ఖాళీ కుర్చీ వేశాను. మూత ఎప్పుడు వేస్తారు? ఎవరో ఒకరు వచ్చి, ఇందులో కూర్చుని చెప్పండి.