ఎవరెవరు వస్తారని అడిగిన సారు

మా మనవడు పదహారేళ్లప్పుడు ఉన్న బాలుర హోం సూపరింటెండెంటు సారు పోయిన వారం ప్రొద్దుటూరులో కన్నుమూశారు. ఇప్పుడు మోటార్లు రిపేరు చేసుకుంటున్న మనవడే కబురు చెప్పాడు. "నిద్రలోనే పోయినాడంట అవ్వా, బాధ పడలేదంట." ఆ మాటకు నా ప్రాణం కొంత కుదుటపడింది.

జమ్మలమడుగులో ఒక కొట్లాటలో మావాడు కట్టెతో ఇంకో పిల్లవాడి తల పగలగొట్టి ఆ హోంకు చేరాడు. ఆ పిల్లవాడు బతికాడు కాబట్టే ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నాను.

నేను మొదటిసారి హోంకు పోయేసరికి సారు వంటింటి కత్తులు లెక్కపెడుతున్నారు. "పిల్లల్ని నమ్మరా?" అని అడిగాను.

"నమ్ముతానమ్మా. నమ్మి, లెక్కబెడతా."

ఎవరికి ఎవరితో పడదో చూసి, వారం వారం పడకలు మార్చేవారు. కొత్త పిల్లవాడికి అన్నం పెట్టాకే ఫైలు తెరిచేవారు. "కాగితంలో వాడు చేసింది వుంటాది, వాడు వుండడు" అనేవారు.

పులివెందులలో మా ఇంట్లో మనవరాలి నిశ్చితార్థం. దాని తమ్ముడైన మావాణ్ణి ఒక్కరోజు పంపాలంటే సారు పైవాళ్లకు రిపోర్టు రాయాలి. పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని కదా, మా ఇంటి మర్యాద గురించి గంటసేపు చెప్పాను. దెబ్బ తిన్న పిల్లవాడి తరఫువాళ్లు మా వీధికే రారన్నాను.

"వాళ్ల సంగతి కాదమ్మా. మీ ఇంటికి ఎవురెవురొస్తారో చెప్పండి. ఎవురి పక్కనుంటే వీడు ఎట్టుంటాడో అదీ చెప్పండి."

ఏడో పేరు దగ్గర నా నోరు ఆగిపోయింది. అది ఆగడం మా ఇంట్లో ఎవరూ ఎన్నడూ చూడలేదు. ఆ పేరు నా చిన్నకొడుకుది. కొట్లాట రోజు మనవడిని రెచ్చగొట్టి, చేతికి కట్టె అందించింది వాడే. ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరమూ అనలేదు. సారుకు చెప్పేశాను.

ఆయన నన్ను తప్పుపట్టలేదు. "ఆయప్ప రాకుంటే పంపమని రాస్తా. వస్తాడంటే పిల్లోడు ఈడనే వుంటాడు."

ఇంటికొచ్చి చిన్నోడితో చెప్పాను.

"సొంత కొడుకును రావద్దంటాండావా?"

"అంటాండా. కూడు క్యారియర్లో పంపిస్తాలే."

పంపించాను కూడా.

నిశ్చితార్థం రోజంతా నా కళ్లు వాకిలి మీదే. చిన్నోడు రాలేదు. మనవడు పంక్తిలో పప్పు వడ్డించాడు, అక్కను ఏడిపించాడు, ఎవరి మీదా గొంతు లేపలేదు. పొద్దుండగానే బస్సెక్కాం. సగం దారిలో ముద్దనూరు దాటాక గానీ నేను వెనక్కి ఆనుకొని కూర్చోలేదు.

హోం గేటు దగ్గర సారు నిలబడి ఉన్నారు. "శానా తిన్నావా? ఎవురేమన్నారు?" అని అడిగారు. వాడు మొదలుపెట్టాడు. నా తిరుగు బస్సు వచ్చింది. కిటికీలోంచి చూస్తే, వాడు రెండు చేతులూ ఊపుతూ ఏదో చెబుతున్నాడు. సారు తల వంచి వింటున్నారు.